కథలోని పేరు, ఇంటిలోని బిడ్డ

ధ్యాన భాగము: లూకా 16:19–31



మన ప్రభువు చెప్పిన ఉపమానములలో ఎందరో మనుష్యులున్నారు. విత్తువాడున్నాడు, తప్పిపోయిన గొఱ్ఱెను వెదకిన కాపరి యున్నాడు, ఇల్లు ఊడ్చి నాణెము వెదకిన స్త్రీ యున్నది, తండ్రి ఆస్తి పాడుచేసిన చిన్న కుమారుడున్నాడు, వాని మీద అలిగి గుమ్మము బయట నిలిచిన అన్న యున్నాడు. వీరిలో నొకరికైనను పేరు లేదు. పేరుగలవాడు ధనవంతుని వాకిట కురుపులతో పడియుండిన లాజరు ఒక్కడే. అదే కథలో అబ్రాహాము, మోషేల మాట వచ్చును గాని వారు అందరెరిగిన పూర్వికులు. ఊదారంగు బట్టలు కట్టుకొనిన ధనవంతుని పేరేమో ప్రభువు చెప్పలేదు. కుక్కలు కురుపులు నాకిన దరిద్రుని పేరు మాత్రము చెప్పెను. లాజరు అనగా దేవుడు సహాయము చేసెనని అర్థము. ఇది ఉపమానము కాదు, జరిగిన సంగతియే అనువారును కలరు. ఆ వాదములోనికి మేము ఇప్పుడు పోము.

మన సంఘములలో లాజరు అను పేరుగల తాతలెందరో యున్నారు. వారిలో కొందరికి ఆ పేరు బేతనియ లాజరునుబట్టి వచ్చియుండును, కొందరికి ఈ దరిద్రునిబట్టి వచ్చియుండును. కాబట్టి కథలోనుండి ఒక పేరు తీసి బిడ్డకు పెట్టుట పాపమని మేము చెప్పజాలము.

ఈ సంగతి వ్రాయుటకు కారణమున్నది. మా గుడిలోని బాప్తిస్మపు రిజిస్టరు పాత పుటలు త్రిప్పినయెడల జ్ఞానమ్మ, సువార్తమ్మ, యేసుపాదము, ఆశీర్వాదము, సంతోషము అను పేర్లు వరుసగా కనబడును. ఇప్పటి పుటలలో సినిమాలోని పేర్లు, సెల్‌ఫోనులో చూచిన కథల పేర్లు వచ్చుచున్నవి. బాహుబలి చలనచిత్రము మొదటి భాగము 2015లోను రెండవది 2017లోను వచ్చెను. ఆ తరువాత ఒక యౌవనస్థుడు తన కుమారునికి మహేంద్ర అని వ్రాయుమని మమ్మును అడిగెను. ఆ కథ చివరివరకు చూచితివా అని అడిగితిమి. “మూడుసార్లు చూశానండి” అనెను. ఆ మహేంద్రుడు ఏమి చేసెనో బిడ్డ అడిగితే ఏమి చెప్పెదవు అంటిమి. అతడు తడుముకొనకుండ, “ఇరవై అయిదేళ్లు సంకెళ్లలో ఉన్న తల్లిని విడిపించాడండి” అనెను. ఆ జవాబు మాకు నచ్చెను, పేరు వ్రాసికొంటిమి.

కథ ముగియకమునుపే పేరు పెట్టినవారి సంగతి వేరు. అమెరికాలో కొన్ని నవలలనుబట్టి తీసిన ఒక కథ 2011 నుండి 2019 వరకు టెలివిజనులో వచ్చెను. అందులో దిక్కులేని ఒక రాకుమార్తె బానిసలను విడిపించు రాణి యగును. ఆమెను ఖలీసీ అని పిలిచెదరు. అది పేరైనను కాదు, రచయిత కల్పించిన ఒక భాషలో రాణికి బిరుదు. ఆ దేశమందు వందలకొలది తలిదండ్రులు తమ ఆడబిడ్డలకు ఆ పేరు పెట్టిరి. 2019లో కథ ముగింపునకు వచ్చినప్పుడు ఆ రాణియే, లొంగిపోయి గంటలు మ్రోగించిన పట్టణమును ప్రజలతో కూడ కాల్చివేసెను. అప్పటికి ఆ బిడ్డలలో కొందరు బడికి పోవుచుండిరి. మనము దావీదు అని పెట్టునప్పుడు అతని కథ అంతయు మన చేతిలోనున్నది. గొల్యాతును కొట్టిన దినమును, ఊరియా భార్యను తీసికొనిన దినమును, ఏడ్చి పశ్చాత్తాపపడిన దినమును దాచకుండ వ్రాయబడియున్నవి.

“బైబిలు పేరే గదా” అని మనవారు పెట్టు పేర్లలో కొన్ని కథల పేర్లే. జెస్సికా అను పేరు మన ఊళ్లలో ఎంతమందికో కలదు. ఆ పేరు లోకమంతట వ్యాపించినది ఆంగ్ల నాటకకర్త షేక్‌స్పియరు వ్రాసిన వెనిస్ వర్తకుని నాటకము వలన. అది 1600లో అచ్చుపడినది. ఆదికాండము 11:29లోని ఇస్కా అను పేరునుండి ఆయన దానిని తీసియుండునని పండితులు తలంచుచున్నారు. ఆ నాటకములోని జెస్సికా రాత్రివేళ తండ్రి సొమ్ము తీసికొని ప్రియునితో లేచిపోవును! ఈ మాట చదివి జెస్సికాల తల్లులు దిగులుపడవద్దు. ఆ నాటకము మన పల్లెలలో ఎరిగినవారు లేరు గనుక పేరు వచ్చినది గాని కథ దాని వెంట రాలేదు. బెన్‌హర్ అను పేరును అట్టిదే. అతడు లూ వాలెస్ అను అమెరికా సేనాధిపతి 1880లో ప్రచురించిన నవలలోని వీరుడు. 1959లో వచ్చిన చలనచిత్రము వలన అందరికి తెలిసెను. 1 రాజులు 4:8లో సొలొమోను అధికారులలో ఒకనికి హెబ్రీ భాషలో ఆ పేరున్నది. మన తెలుగు బైబిలులో దానిని హూరు కుమారుడు అని తర్జుమా చేసిరి. రథముల పందెము గెలిచినవాడు ఇతడు కాడు. అయినను పగ కొరకే బ్రదికిన ఆ వీరుడు సిలువయొద్ద పగ విడిచినట్లు చలనచిత్రములో చూపిరి గనుక, బెన్‌హర్ అని పేరుగల కుమారునికి తండ్రి చెప్పదగిన మాట ఒకటి యున్నది.

అందరెరిగిన కథ పేరును పట్టుకొనినప్పుడే కష్టము. యూదా అనగా స్తుతి. లేయా తన నాలుగవ కుమారునికి సంతోషముతో పెట్టిన పేరు అది. ప్రభువు పన్నిద్దరు శిష్యులలోనే ఇస్కరియోతు కాని మరియొక యూదా యుండెను. పత్రిక వ్రాసిన యూదా ఒకడుండెను. అయినను ముప్పది వెండి నాణెముల కథ ఆ పేరును ఎంతగా పట్టుకొనెననగా, మా రిజిస్టరులో ఇంతవరకు ఒక్క బిడ్డకును ఆ పేరు లేదు.

దీనికి ఎదురుగా జరిగినదియు వాక్యములో నున్నది. గ్రీకుల పురాణకథలలో ఫీబే ఒక దేవత పేరు, అపొల్లో అను పేరు వారి దేవత అపోలోనుబట్టి వచ్చినది, ఎపఫ్రొదితు అను పేరులో వారి కామదేవత పేరున్నది. ఏథెన్సులో విశ్వసించిన దియొనూసి పేరు వారి మద్యదేవతకు సంబంధించినది. వీరిలో ఎవరి పేరును అపొస్తలులు మార్చినట్లు వ్రాయబడలేదు. కెంక్రేయ సంఘపు పరిచారకురాలైన ఫీబే అనేకులకు సహాయురాలాయెను, ఎపఫ్రొదితు క్రీస్తు పనికొరకు చావునకు సిద్ధమయ్యెను. నేడు మన ఆడపిల్లను ఫీబే అని పిలిచినప్పుడు గ్రీకు దేవత ఎవరికి జ్ఞాపకము వచ్చును?

మద్యదేవత పేరుగలవాడు దేవుని వాడాయెను. దేవుని దాసుడని అర్థముగల పేరేమో మద్యపానికి గుర్తయ్యెను. మేము చెప్పుచున్నది దేవదాసు అను పేరును గూర్చి. తీతునకు వ్రాసిన పత్రిక మొదట పౌలు తన్నుతాను పిలుచుకొనిన మాట అదే. మన తెలుగు సంఘములలో అది పాత పేరు, గౌరవముగల పేరు. శరత్‌చంద్ర ఛటర్జీ వంగభాషలో దేవదాసు అను నవల 1917లో ప్రచురించెను. 1953లో అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి నటించిన తెలుగు చలనచిత్రము వచ్చెను. ప్రేమించిన పార్వతి దక్కక, త్రాగి త్రాగి, కడపట ఆమె ఇంటి వాకిట పడి చనిపోయినవాని కథ అది. నాటినుండి గడ్డము పెంచి సీసా పట్టినవాడెవడైనను దేవదాసే. పాటలో త్రాగుడు మధురముగా నుండవచ్చును. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద లేచిన స్త్రీలకు దాని అసలు రుచి తెలియును.

మా పాస్టరేటులోని ఒక ఊరిలో దేవదాసు అను పెద్ద యున్నారు. ఆ చలనచిత్రము రాకమునుపే ఆయనకు ఆ పేరు పెట్టిరి. ఇటీవల మనుమడు పుట్టగా, తాత పేరే పెట్టవలెనని కుమారుడు కోరెను. కోడలు ఒప్పుకొనలేదు. మేము ఆ ఇంటికి వెళ్లితిమి. పెద్దాయన మంచముమీద కూర్చుండి, “వద్దంటే వద్దులెండి అయ్యగారూ, పిల్లనేమీ అనకండి” అనెను. తరువాత తానే చెప్పెను. “నా చిన్నతనంలో కల్లు దుకాణం ముందునుంచి పోతుంటే, రా దేవదాసూ, నీ కోసమే కొట్టు పెట్టాం అనేవాళ్లండి. ఒకసారి పట్టుకొని నోట్లో పోశారు. ఉమ్మేశాను. నా పేరుకు అర్థం మా అమ్మ నాకు ముందే చెప్పింది.”

కోడలు తలుపు ప్రక్కన నిలిచి వినుచుండెను. చాలసేపు మాటలాడలేదు. అప్పుడు ఆమె, “మా నాయన తాగుడుతోనే పోయాడండి. ఆ పేరు వింటే నాకు సీసాయే కనబడుతుంది. బడిలో పిల్లలు నా బిడ్డను ఆ మాట అంటే నేను ఓర్చుకోలేను” అనెను. దానికి మేము జవాబు చెప్పలేదు. ప్రార్థన చేసి వచ్చితిమి.

శనివారము సాయంకాలము ఆమె బిడ్డను చంకనెత్తుకొని గుడికి వచ్చెను. “దేవదాసే రాయండి అయ్యగారూ” అనెను. “ఇరవై గడపల వీధిలో సీసా రాని ఇల్లు మాదొక్కటే. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాకే నిద్రపోవడం నేర్చుకొన్నాను. బడిలో ఎవరన్నా ఏమన్నా అంటే ఏం చెప్పాలో మా మావయ్యనే నేర్పమనండి.” ఆ మాట మేము పెద్దాయనకు చేర్చితిమి. ఆయనకు డెబ్బది యేండ్లు దాటినవి. బిడ్డ బడికి పోవుటకు ఇంకను అయిదేండ్లున్నవి. “అప్పటిదాకా ఉంచమని ప్రార్థన చేయండి” అని మమ్మును అడిగెను, చేయుచున్నాము.

వచ్చు నెల రెండవ ఆదివారమున బిడ్డల బాప్తిస్మములు జరుగును. పేర్లు అంతకుముందు బుధవారములోగా మాకు తెలియజేయవలెను. సినిమా పేరైనను సిగ్గుపడక రండి. ఆ పేరుగలవాడు కథలో ఏమి చేసెనో, చివరకు ఏమాయెనో మాకు చెప్పవలెను. తల్లియు తండ్రియు ఇద్దరును రావలెను. తాతమ్మలు, నాయనమ్మలు వచ్చినయెడల మరి సంతోషము.