సంగ్రాహకుని ధర్మము

పాతవస్తువులను కూడబెట్టువారిని జూచి నవ్వుట లోకమునకు మిక్కిలి సులభము. నాణెములను, తపాలాబిళ్లలను కూడబెట్టువారిని జూచి మన పెద్దలు నవ్విరి. ఎప్పుడో టెలివిజనులో ప్రదర్శింపబడిన ధారావాహికలను డీవీడీ డిస్కులమీద సంపాదించి బీరువాలలో వరుసగా నిలుపుకొనువారిని జూచి నేడు మనము నవ్వుచున్నాము. ఇంగ్లండునందును అమెరికాయందును ఇట్టివారు పెక్కుమంది కలరు. దానముగా వచ్చిన పాతసామానును అమ్ము అంగళ్లకును, గ్రంథాలయములవారు తాము వదలుకొన్న ప్రతులను అమ్ము సంతలకును, ఇంటిముంగిట పాతవస్తువులు పఱచి కూర్చుండు గృహస్థులయొద్దకును వీరు సెలవుదినములందు తిరిగి, డాలరునకో రెండు డాలరులకో దొరకిన పెట్టెను గెలిచి తెచ్చిన సొత్తువలె ఇంటికి తెచ్చుకొందురు. ఇది వెఱ్ఱి గాక మఱేమని కొందఱందురు. ఇది చరిత్రరక్షణ మని మఱికొందఱందురు. ఈ రెండు మాటలలో ఏది నిజమో విచారింపదగియున్నది. ఏలయనగా ఇది డిస్కుల విషయము మాత్రమే కాదు. ఒక వస్తువు "నాది" యనుటకు అర్థమేమి, అట్లనువానికి విధి యేమి యను ప్రశ్న యిందు ఇమిడియున్నది.

మొదట రక్షణమును గూర్చి చెప్పువారి వాదము విందము. టెలివిజను పుట్టిన కాలమున ఒక నాటకమును ప్రదర్శించినవారే దానిని భద్రపఱతురను నియమము లేదు. వీడియోటేపు వెల యెక్కువ. కావున పలకమీది వ్రాత తుడిచి మరల వ్రాసినట్లు, పాతప్రదర్శనమును చెఱిపి క్రొత్తదానిని అదే టేపుమీద ఎక్కించుచుండిరి. బ్రిటిషు ప్రసారసంస్థయగు బీబీసీ 1960లలోను 1970లలోను ఈ రీతిగా చెఱిపివేసిన ప్రదర్శనములు అనేకములు. 1963లో ఆరంభమైన "డాక్టర్ హూ" అను ధారావాహిక యొక్క తొలినాటి భాగములు పెక్కులు ఇట్లే నశించినవి. కాని విదేశములలోని ప్రసారసంస్థలకు పంపబడిన ఫిలుము ప్రతులు కొన్ని ఎచ్చటనో నిలిచియుండెను. 2013లో అట్టి తొమ్మిది భాగములు తిరిగి లభించినట్లు ప్రకటింపబడెను. అవి దొరకినచోటు లండను గాదు. నైజీరియాదేశమందలి జోస్ పట్టణము. మఱియొక విశేషము: దృశ్యము నశించిన భాగముల ధ్వని మాత్రము మిగిలినది. ఆకాలమున బాలురు కొందఱు తమ యింటి టెలివిజనునొద్ద ధ్వనిముద్రణయంత్రమును పెట్టుకొని మాటలను పట్టియుంచిరి. సంస్థ పోగొట్టుకొన్నదానిని చూచువారు దాచిరి.

అమెరికాలో డ్యూమాంట్ అను ప్రసారసంస్థ యుండెను. అది 1956లో అంతరించినది. దాని ప్రదర్శనముల ఫిలుములను 1970లలో పడవకెత్తి న్యూయార్కు రేవునీటిలో పాఱవేసిరని ఈడీ ఆడమ్స్ అను నటి 1996లో ఒక విచారణసభయెదుట వాఙ్మూలమిచ్చెను. దీనికి ప్రతిగా "ఐ లవ్ లూసీ" కథను చూడుడు. 1951లో మొదలైన యీ హాస్యధారావాహికను నిర్మాతలు పట్టుబట్టి మేలైన ఫిలుముమీద చిత్రించిరి. తమ జీతములో కొంత తగ్గించుకొని, ఆ ఫిలుములపై హక్కును తమయొద్దనే నిలుపుకొనిరి. ఒకసారి చూపిన హాస్యకథను మరల నెవ్వరు చూతురని తలచిన కాలమది. నేడు ఆ ధారావాహిక మొదటినాటి స్ఫుటత్వముతో చూడనగుచున్నదన్నచో, అది ఆనాటి ముందుచూపు ఫలము.

ఇంతకన్న ఆశ్చర్యకరమైన వృత్తాంతము మేరియన్ స్టోక్స్ అను నామెది. ఫిలడెల్ఫియాలో గ్రంథాలయోద్యోగము చేసిన యీమె 1979 మొదలు 2012లో మరణించువఱకు తన యింట ఒకేసారి పలుయంత్రములను నడిపి, టెలివిజను వార్తలను రాత్రింబగళ్లు ముద్రించెను. ఆమె వదలిపోయిన టేపులు సుమారు 70,000. ఇరుగుపొరుగువారి కది వింతగానే తోచియుండును. నేడు ఆ టేపులు ఇంటర్నెట్ ఆర్కైవ్ అను సంస్థయొద్ద ఉన్నవి. వార్తలు నాడెట్లు చెప్పబడెనో, ఏది చెప్పకుండ విడువబడెనో తెలిసికొనగోరు చరిత్రకారునకు అవి యాధారములు.

మన శాస్త్రకారులు యోగక్షేమములని రెండు మాటలను జంటగా వాడిరి. లేనిదానిని సంపాదించుట యోగము. ఉన్నదానిని కాపాడుట క్షేమము. పైవృత్తాంతములన్నిటియందును అధికారము గలవారు క్షేమమును మఱచిరి. అధికారము లేనివారు దానిని నెత్తికెత్తుకొనిరి. ఇంతవఱకు సంగ్రాహకుని పక్షమే బలమైనది.

అయితే, నేడు కోరిన నాటకము కోరిన క్షణమున తెరమీదికి వచ్చుచుండగా డిస్కులతో పనియేమని యడుగవచ్చును. దీనికి సమాధానము న్యాయశాస్త్రమునందు వెదకవలెను. 1908లో అమెరికా సర్వోన్నతన్యాయస్థానము ఒక వ్యాజ్యమును తీర్చినది. బాబ్స్-మెరిల్ అను ప్రకాశకులు ఒక నవలను ముద్రించి, దీనిని డాలరునకు తక్కువగా అమ్మరాదని ఆ పుస్తకమందే యచ్చువేసిరి. న్యూయార్కులోని మేసీ అంగడివారు దానిని 89 సెంట్లకు అమ్మిరి. ప్రకాశకులు వ్యాజ్యమాడిరి. ప్రతి నొకసారి అమ్మివేసిన పిమ్మట, అది మరల ఎంతకు అమ్ముడుపోవలెనో శాసించు హక్కు గ్రంథస్వామ్యమువలన వారికి రాదని న్యాయస్థానము తీర్మానించెను. నాడు తగ్గించిన పదునొకండు సెంట్లే యీ ప్రశ్నకు కారణము. కొన్నవాడు తన ప్రతిని అమ్మవచ్చును, ఎరువీయవచ్చును, దానము చేయవచ్చును. దానినుండి క్రొత్త ప్రతులు తీసి అమ్మరాదు. పాతపుస్తకముల యంగడియు, పాతడిస్కుల సంతయు నిలిచియున్నది యీ సూత్రముమీదనే.

తెరమీద కోరినప్పుడు వచ్చు నాటకమున కీ సూత్రము వర్తింపదు. అచ్చట "కొనుము" అని వ్రాసియున్నను మనకు లభించునది చూచుటకు అనుమతి మాత్రమే. ఇచ్చినవాడు దానిని ఉపసంహరింపవచ్చును. ఈ మాటలోని మోసమును గుర్తించియే కాలిఫోర్నియా రాష్ట్రము 2024లో ఒక చట్టము చేసినది. ఇట్టి సరకును అమ్మునప్పుడు, ఇది అనుమతి మాత్రమేయని కొనువానికి స్పష్టముగా తెలుపవలెనని దాని సారాంశము. అది 2025 జనవరి 1 నుండి అమలునకు వచ్చెను. డిస్కులను తపాలాలో అద్దెకు పంపుటతోనే 1998లో వ్యాపారమారంభించిన నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2023 సెప్టెంబరులో ఆ పనిని మానుకొన్నది. అనుమతి పొందినవాడు తన మిత్రునకు ఎరువీయలేడు; కుమారునకు వారసత్వముగా విడువలేడు. కావున డిస్కును కొనువాడు పూర్వము సామాన్యగృహస్థులందఱకు గల యొక స్వాతంత్ర్యమును నిలుపుకొనుచున్నాడనుట అతిశయోక్తి కాదు.

అట్లని డిస్కును చిరంజీవి యనుకొనరాదు. తయారీ సరిగా కుదరనిచో అది లోలోన చెడును. మఱియు డీవీడీలకు ప్రపంచమును మండలములుగా విభజించిరి. అమెరికా మొదటి మండలము, మనదేశము అయిదవది. అమెరికాలోని మన తెలుగువారెవరైన అచ్చట చౌకగా కొని తెచ్చిన డిస్కు, ఇచ్చటి యంత్రము అయిదవ మండలమునకే బద్ధమైనదైనచో ఆడదు.

ఇక చౌకబేరము సంగతి. బేరమాడుట దోషము కాదు. కాని చౌకకు ఒక మాయ కలదు. నలుబది డాలరుల పెట్టెను పదింటికి కొన్నవాడు ముప్పది డాలరులు మిగిల్చితినని సంతోషించును. దానిని కొననివానియొద్ద పది డాలరులు నిజముగా మిగిలియున్నవి. కొన్న వస్తువు అవసరమైనదగునెడల మొదటివాడు వివేకి. చౌకయే కారణముగా కొన్నచో అతడు వస్తువును గాక ధరను కొనుచున్నాడు. ఒక లెక్క చూడుడు. 1955 మొదలు 1975 వఱకు నడచిన "గన్‌స్మోక్" ధారావాహికలో 635 భాగములు కలవు. దినమున కొకటి చొప్పున తప్పక చూచినను, ఒక సంవత్సరముమీద సుమారు తొమ్మిదినెలలు పట్టును. ఇట్టివి పది ధారావాహికలను బీరువాలో పెట్టుకొన్న గృహస్థు తన శేషజీవితములోని సాయంకాలములను తా నెఱుగకయే ముందుగా వ్రాసియిచ్చినవాడగును. వాస్తవముగా అతడు చూడడు. పైకాగితమైన విప్పని పెట్టెలు వరుసలు తీరి యుండగా, మరుసటి సెలవునాడు మరల సంతకు బయలుదేరును. అపరిగ్రహమును యోగశాస్త్రము యమములలో చేర్చుటకు కారణ మిట్టిచోట తెలియును. వస్తువులుండుట తప్పు కాదు. వాని వెంటబడి మనస్సునకు విశ్రాంతి లేకపోవుట కీడు. యోగమునందే తగులుకొన్నవాడు క్షేమమునకు ఎన్నడు వచ్చును?

చౌక రెండువిధములని గూడ తెలియవలెను. యజమాని తనకు అక్కఱ తీరినందున తక్కువ ధరకు ఇచ్చునది యొకటి. దొంగప్రతి తీసినందున తక్కువ ధరకు వచ్చునది వేఱొకటి. రెండవదానిని కొనువాడు నటులయు, రచయితలయు, యంత్రకారులయు కూలిని అపహరించుటలో పాలుగొనుచున్నాడు. దానికి చరిత్రరక్షణ మని పేరు పెట్టుకొన్నంతమాత్రమున దోషము పోదు.

ఇంకొక చిక్కు కలదు. చనిపోయిన భర్త దాచుకొన్న డిస్కులను ఒక వృద్ధురాలు ఇంటిముంగిట పెట్టి, ఒక్కొక్కటి డాలరునకు అమ్ముచున్నదనుకొందము. వానిలో నొకటి యిప్పుడు ముద్రణలో లేదు. ఎఱిగినవారు నూరుడాలరు లిత్తురు. కొనువా డా మాట చెప్పవలెనా? భారతమందలి శాంతిపర్వమున జాజలి యను తపస్వి ధర్మము తెలిసికొనుటకు తులాధారుడను వర్తకునియొద్దకు పోయెను. అందఱియెడ సమముగా నిలిచిన త్రాసే ఆ వర్తకుని గొప్పతనము. త్రాసునకు ఒకవైపున తెలివియు, వేఱొకవైపున తెలియమియు ఉన్నప్పుడు అది సమముగా నిలుచునా? నా యభిప్రాయ మిది. వస్తువుల వెల తెలియుటే వృత్తిగా గల వర్తకునియొద్ద మౌనము దోషము కాదు. అతడును అట్లే కొనియుండును. కాని వృత్తిదారు కానివారు "దీని కేమైన విలువ యున్నదా?" యని యడిగినపుడు తెలియనట్లు నటించుట అసత్యము. వారు అడుగకున్నను, కష్టదశలో నుండి అమ్ముచున్నారని తెలిసినచో చెప్పుటయే ధర్మము. అప్పటికిని వారు తగ్గించి యిచ్చినచో ఆ చౌక నిష్కళంకమైనది.

సంస్కారప్రియులగు చదువరులు ఇచ్చట నొక యాక్షేపము చేయవచ్చును. ఆ పాతనాటకములలో నల్లజాతివారిని, స్త్రీలను అవమానించు చిత్రణములు కలవు గదా, వానిని కాపాడనేల? ఆక్షేపము సత్యమే. 1951 మొదలు 1953 వఱకు ప్రదర్శింపబడిన "ఏమస్ అండ్ ఆండీ" అను ధారావాహికను నల్లజాతివారి హక్కులకై పోరాడు సంఘము తీవ్రముగా ఖండించెను. 1966లో అది పునఃప్రదర్శనమునుండి ఉపసంహరింపబడెను. ఇంటింట వినోదముగా ప్రతిదినము చూపదగినది కాదనుట న్యాయము. కాని బొత్తిగా నశింపజేయుట వేఱు. సంస్కర్తకు పూర్వాచారము తెలియవలెను. బాల్యవివాహములను గూర్చిన పాతపత్రములన్నియు తగులబెట్టినచో, ఆ యాచారమే లేదని చెప్పుటకు రేపొకడు సాహసించును. లోపముగల నాటకమును దాచి, దాని లోపమును పిల్లలకు విడమఱచి చెప్పు తండ్రి, దానిని చెఱిపివేసినవానికన్న ఎక్కువ మేలు చేయుచున్నాడు.

ఇన్ని విచారించిన పిమ్మట, సంగ్రాహకుడు వెఱ్ఱివాడా, రక్షకుడా యను ప్రశ్నకు ఉత్తరము అతని బీరువాలో దొరకదు. అతని నడవడిలో దొరకును. న్యాయస్థానము అతనిని యజమాని యన్నది. ధర్మము అతనిని నిక్షేపధారి యనును. పరులు నమ్మి దాచిన సొమ్మును నిక్షేప మందుము. నటులు గతించిరి, ప్రసారసంస్థలు మూతబడినవి, నాటి ప్రేక్షకులు వృద్ధులైరి. వారి నవ్వులు, వారి మాటతీరులు ఇతని చేతిలో పడినవి. యజమాని యగుటచేతనే అతడు ఎరువీయగలడు. నిక్షేపధారి యని యెఱిగినప్పుడే ఎరువిచ్చును.

కావున అతనికి విధులు కొన్ని కలవు. కొనకముందు, చూచుటకు తీరిక యున్నదాయని తన్ను తా నడుగవలెను. కొన్నదానిని చూడవలెను, ఒంటరిగా గాక, ఇంటిల్లిపాదితో చూడవలెను. తనయొద్ద నున్నవాని పట్టికను వ్రాసి, అడిగినవారికి ఎరువీయవలెను. చూచుట ముగిసి, మరల చూడబోనివానిని గ్రంథాలయమునకో, సంతకో తిరిగి పంపవలెను. తనకు డాలరునకు దొరకినది మఱియొకనికిని డాలరునకు దొరకనిండు. అరుదైనవానిని ఎవ్వరి కప్పగింపవలెనో బ్రదికియుండగనే నిర్ణయింపవలెను. లేనిచో వాని నెఱుగని వారసులు సంచులకెత్తి పెంటకుప్పకు పంపుదురు. ఒకనాడు ప్రసారసంస్థలు చేసిన పనియు అదియే గదా.