వినుటయు తూచుటయు

జిగణి వంటి కర్మాగారముల ఊరిలో వర్తక కుటుంబములు నెలకొకమారు పండితుని పిలిచి చరిత్ర వినుట మెచ్చదగినదే. అయితే అతిథి తమ పూర్వుల గొప్పలే చెప్పవలెనని కోరుట న్యాయమా?

కరీంనగరు సీమలో కురిక్యాల దాపున బొమ్మలగుట్టపై 10వ శతాబ్దమున జినవల్లభుడు చక్రేశ్వరీదేవిని, జినబింబములను చెక్కించెను. అచ్చటి శాసనమున సంస్కృత కన్నడములతోబాటు తెలుగున మూడు కంద పద్యములు గలవు. కన్నడ ఆదికవి పంపడు ఆయన అన్నయే. ఇది విని పొంగని జైనుడుండడు. ఆ పండితుడే, ఫలానా గుడి ఒకప్పుడు జైనులదనుటకు ఆధారము లేదనగానే సభలో ముఖములు ముడుచుకొనును!

తప్పుడు తూనికను తత్త్వార్థసూత్రము అచౌర్యవ్రతమునకు దోషముగా లెక్కించినది. దుకాణములో తక్కెడపై వ్రేలు మోపని వర్తకుడు సభలో మోపవచ్చునా? అనేకాంతము పేర ఎవరి మాట వారిదేయని తప్పించుకొనుటయు చెల్లదు. ఏ దృష్టితో పలికితివో చెప్పుమని స్యాద్వాదమడుగును గాని, ఆధారమును విడువుమనదు. వక్తకు శాలువ కప్పుటకు ముందు, ప్రశ్నలకొక అరగంట ఉంచిన చాలును.