బాలికలు - బడిత్రోవ

సైకిలుపై బడికి పోవు బాలికను త్రోవలో నొక పోకిరి వెంబడించి కాని మాటలాడినాడనుకొందము. ఈ సంగతి యింట తెలిసినది. మరునాటినుండి పిల్ల బడి మానినది. ఆ పోకిరి మాత్రము అదే త్రోవలో, అదే చెట్టు క్రింద నిలుచుచునే యున్నాడు. ఒకడు తప్పు చేసెను, వేరొకతె శిక్ష ననుభవించుచున్నది. ఈ తీర్పు చెప్పినవారెవరు? ఆమెను ప్రాణముగా చూచుకొను తల్లిదండ్రులే గదా!

ఈ ప్రశ్న గద్వాల, వనపర్తి, నాగరకర్నూలు ప్రాంతములవారిని మిక్కిలిగా తాకును. 2016 అక్టోబరు 11వ తేదీన వేరు జిల్లాలగు వరకు ఈ మూడును మహబూబునగరము జిల్లాలోనివే. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల సీమను జనులు నడిగడ్డ యందురు. 2011 జనగణన లెక్కలను బట్టి ఆ జిల్లాలో అక్షరాస్యులు నూటికి 50 మందికి లోపు; స్త్రీలలో నింకను తక్కువ. చిన్న బడి యూరనే యుండును గాని, ఉన్నత పాఠశాల తరచుగా పొరుగూర నుండును. కావున ఇంటివారికి భయము మొదలగు వయస్సుననే పిల్లకు బడియు దూరమగును. బడి మానిన పిల్లకై నడిగడ్డలో పత్తివిత్తనపు చేలు కాచుకొనియున్నవి. అచట క్రాసింగు అనుపేర, పూవు పూవునకు చేతితో పుప్పొడి నద్దు పని కలదు. ఆ కూలి వెనుకనే పెండ్లి వచ్చును. పెండ్లికి 18 యేండ్లు నిండవలెనని శాసన మున్నను, బడి మానిన పిల్లకు ఆ శాసనమును గుర్తు చేయువారు కరవు.

సైకిలు చిన్న వస్తువు గాదు. బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ల నిచ్చుటకు పూనుకొనెను. దాని ఫలమును కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అను అర్థశాస్త్రజ్ఞులు పరిశీలింపగా, ఉన్నత పాఠశాలలో చేరు బాలికలు నూటికి 30 వంతులకు పైగా హెచ్చిరని తేలెను. బడి మూడు కిలోమీటర్లకు మించి యున్న పల్లెలలో లాభ మధికము. దీనికి దూరము కలిసివచ్చుట యొక్కటియే కారణమని నేననుకొనను. ఒంటరిగా పోవు పిల్లను ఊరు వింతగా చూచును. పదిమంది కలిసి పోవుచుండిన, కొన్నాళ్లకు తల యెత్తి చూచువారే యుండరు.

తల్లిదండ్రుల భయమును నేను నిందింపను. మాటతో మొదలైన దుండగము మాటతోనే ఆగునని యెవరు పూచీపడగలరు? పైగా ఊరినోరు పోకిరి జోలికి పోదు, "నీవేల వానివైపు చూచితివి?" అని పిల్లనే యడుగును. కాని భయముచే మనము చేయు పనినుండి పిల్ల యేమి నేర్చుకొనుచున్నదో చూడుడు. నోరు విప్పినచో సైకిలు పోవును, చదువు పోవును. కావున నోరు విప్పరాదు. ఇదియే ఆమె నేర్చిన పాఠము. నిన్న మాటలాడినవాడు నేడు చేయి పట్టినను ఆమె యింట చెప్పదు. కీడు ముదిరి చేయి దాటిన పిదపగాని మనకు తెలియదు.

శాసనములు లేకపోలేదు. 18 యేండ్లు నిండని పిల్లను దురుద్దేశముతో మాటిమాటికి వెంబడించుట 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము నేరము. మూడేండ్ల వరకు చెర కలదు. 2014 అక్టోబరులో హైదరాబాదున మొదలైన షీ టీములు తరువాత జిల్లాలకును వచ్చినవి. 1098 అను సంఖ్యకు ఫోను చేసిన పిల్లల మొర వినువారున్నారు. కాని మొర యన్నది ముందు వెలువడవలెను గదా. దానిని మన యింటిలోనే అణచివేయుచున్నాము.

తొమ్మిదవ తరగతిలో చేరిననాడే తండ్రి, "బిడ్డా, ఏమి జరిగినను నీ సైకిలు నీదే, నీ బడి నీదే. జరిగినది మాత్రము నాకు చెప్పుము" అని కూతునకు మాట ఇయ్యవలెను; ఇచ్చిన పిమ్మట తప్పరాదు. అన్నను తోడు పంపుదుమని కొందరందురు. అన్నకు జ్వరము వచ్చిననాడు చెల్లెలికి బడి యుండదా? దానికంటె పొరుగిండ్ల బాలికలు నలుగురు కలిసి పోవుట మేలు. పదవ తరగతివారికి పరీక్షలకు ముందు సాయంకాలమున ప్రత్యేక తరగతులు జరుపుదురు. చలికాలమున ప్రొద్దు త్వరగా గ్రుంకును. ఎన్ని పాఠములు ముగిసినవో లెక్కించు పంతుళ్లు, పొరుగూరి పిల్లలు ఏ వేళకిల్లు చేరిరో కూడ లెక్కింపవలదా? ఆ తరగతులే ఉదయమున పెట్టిన నేమి?

ఇక ఆ పోకిరి సంగతి. వానికిని తల్లి యున్నది, చెల్లెలును ఉండవచ్చును. "మగపిల్లవాడు, వయస్సట్టిది" అని వానిని వెనుకవేసికొను ఇంటికి పోవని పరువు, ఫిర్యాదు చేసిన యింటికి పోవుట మన సంఘములోని విపరీతము. మరి వాని తండ్రి భూస్వామియై, పిల్ల తండ్రి ఆ చేనిలోనే కూలివాడైనచో నేమి చేయవలెను? పట్టణములో కూర్చుండి ఆ కూలివానికి ధైర్యము చెప్పుట సులభము. రేపటి కూలి పోయిన నతనికి గంజి పోయువారెవరు? అట్టి తావున తండ్రియే ముందుకు రావలెనని పట్టుపట్టుట న్యాయము గాదు. 2012 నాటి చట్టమును అట్లు కోరలేదు. నేరము జరిగినదని తెలిసిన ప్రతివాడును పోలీసులకు తెలుపవలసినదే యని అందు స్పష్టముగా నున్నది. ఆ కాగితముపై మొదటి సంతకము ప్రధానోపాధ్యాయుడు చేయవచ్చును.