సూర్యాస్తమయంలోగా కూలి

క్రైస్తవ విశ్వాసాన్ని నిత్యజీవితానికి అన్వయించుకోవడం అనగానే తెలుగు సంఘాలలో ముందుగా తలపుకు వచ్చేవి వ్యక్తిగత నియమాలే: వేకువజాము ప్రార్థన, రోజుకొక అధ్యాయం చొప్పున వాక్యపఠనం, శుక్రవారపు ఉపవాసం, మద్యానికి దూరంగా ఉండడం, రాబడిలో పదోవంతును దేవునికి అర్పించే దశమభాగం. వీటి విలువను ఎవరూ కాదనరు. అయితే ధర్మశాస్త్రం మొదలుకొని అపొస్తలుల పత్రికల దాకా బైబిలు పట్టుబట్టి అడిగే ఒక విషయం ఈ నియమాలలో చాలా అరుదుగా చోటు చేసుకుంటుంది. పని చేయించుకున్న మనిషికి ఎంత ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, అతనికి విశ్రాంతి దక్కనిచ్చారా అన్నదే ఆ విషయం.

దినకూలి చేసుకునే పేదవాడు స్వజనుడైనా పరదేశి అయినా అతణ్ణి బాధపెట్టరాదనీ, ఏనాటి కూలి ఆనాడే పొద్దుగూకక ముందే ఇచ్చివేయాలనీ, లేదంటే అతడు దేవునికి మొరపెట్టినప్పుడు ఆ పాపం యజమాని నెత్తిన పడుతుందనీ ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం శాసిస్తుంది. లేవీయకాండము 19:13 ఇంకొక అడుగు ముందుకు వేసి, పొరుగువాణ్ణి దోచుకోవద్దన్న ఆజ్ఞనూ, కూలివాని డబ్బు తెల్లవారేదాకా దగ్గర ఉంచుకోవద్దన్న ఆజ్ఞనూ ఒకే వచనంలో చేర్చింది. అంటే కూలి ఎగవేయడమే కాదు, ఆలస్యం చేయడం కూడా ధర్మశాస్త్రం దృష్టిలో దోపిడీ కిందికే వస్తుంది. ఈ గడువు ఊరకే పెట్టినది కాదు. సొంత భూమి గానీ నిల్వ ధాన్యం గానీ లేని మనిషి ఇంట ఆ రాత్రి పొయ్యి వెలగడం ఆనాటి కూలి మీదనే ఆధారపడి ఉంటుంది. అందుకే ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలోనే, పేదవాడు తాకట్టు పెట్టిన పైవస్త్రాన్ని కూడా, రాత్రి కప్పుకోవడానికి అతనికి అవసరం గనుక, సూర్యాస్తమయానికి తిరిగి ఇచ్చివేయాలన్న నియమం ఉంది.

ఈ నియమాల అవసరం ఎంత వాస్తవమైనదో 1960లో మధ్యధరా తీరాన యవ్నె-యామ్ సమీపంలోని మెసద్ హషవ్యాహు అనే పాతకోట తవ్వకాలలో బయటపడిన ఒక కుండపెంకు చూపిస్తుంది. క్రీ.పూ. 7వ శతాబ్దం చివరి కాలానిదిగా పండితులు ఎంచే ఆ పెంకు మీద ఒక కోతకూలి అధికారికి పెట్టుకున్న అర్జీ హెబ్రీ భాషలో సిరాతో రాసి ఉంది. తన వంతు కోత పూర్తి చేసి, ధాన్యం గాదెకు చేర్చిన తరువాత కూడా శోబయి కుమారుడైన హోషయాహు వచ్చి తన వస్త్రం లాగేసుకున్నాడనీ, తన తప్పేమీ లేదని తనతోపాటు ఎండలో కోత కోసినవారంతా సాక్ష్యం చెబుతారనీ, దయచేసి వస్త్రం ఇప్పించమనీ ఆ కూలివాడు వేడుకుంటున్నాడు. లాక్కున్నవాని పేరు పెంకు మీద మిగిలింది గాని, పోగొట్టుకున్నవాని పేరు అందులో లేదు.

యిర్మియా ప్రవక్త జీవించినది దాదాపు ఆ కాలంలోనే. జనం చేత ఉచితంగా చాకిరీ చేయించుకుని, దేవదారు పలకలతో విశాలమైన మేడగదులు కట్టించుకున్న రాజు యెహోయాకీమును ఆయన నిలదీసిన తీరు 22వ అధ్యాయంలో ఉంది. ఆ రాజు తండ్రి యోషీయా కూడా అన్నపానాలు అనుభవించినవాడే అయినా, దీనులకూ దరిద్రులకూ న్యాయం జరిపించాడనీ, దేవుణ్ణి ఎరిగి ఉండడం అంటే అదేననీ ప్రవక్త స్పష్టం చేశాడు. బైబిలు మొత్తంలో భక్తికి ఇంత సూటి నిర్వచనం మరొకటి దొరకడం కష్టం. యెషయా 58వ అధ్యాయం ఇదే మాటను ఉపవాసానికి వర్తింపజేస్తుంది: తాము ఉపవాసం ఉన్నా దేవుడు ఎందుకు చూడడంలేదని అడిగే ప్రజలకు, ఆ ఉపవాస దినానే వారు తమ పనివారిని పీడిస్తున్నారన్నది దేవుడిచ్చిన జవాబు.

క్రొత్త నిబంధనలో ఈ సూత్రం సడలలేదు. మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట ఉపమానం ప్రధానంగా దేవుని కృపను గురించినదే అయినా, నేడు విజయవాడలోనో హైదరాబాదులోనో కూలీల అడ్డాల వద్ద కనిపించేటట్టు, ఎవరూ పనికి పిలవక సంతవీథిలో పొద్దంతా నిలబడిపోయిన మనుషులు అందులో ఉన్నారు. ఆనాటి మామూలు దినకూలి అయిన దేనారము చివరి గంటకు వచ్చినవారికి కూడా పూర్తిగా అందుతుంది, అదీ సాయంకాలమే అందుతుంది. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలోనైతే, చేలు కోసినవారికి ఇవ్వకుండా మోసంతో ఆపుకున్న కూలి తానే గొంతెత్తి మొరపెడుతుంది.

మనిషి రక్షణ పొందేది విశ్వాసం వల్లనే గాని క్రియల వల్ల కాదు గదా అన్న అభ్యంతరం ఇక్కడ తరచు వినిపిస్తుంది. మార్టిన్ లూథర్ కూడా 1522 నాటి పీఠికలో యాకోబు పత్రికను తక్కువ చేసి మాట్లాడాడు. కాని విశ్వాసమూలమైన నీతిని అందరికంటే గట్టిగా బోధించిన పౌలే, ప్రేమ ద్వారా పనిచేసే విశ్వాసమే ప్రయోజనకరమని గలతీయులకు రాశాడు. దాసులకు న్యాయమైనదీ సమానమైనదీ చేయాలనీ, తమకు కూడా పరలోకంలో యజమానుడు ఉన్నాడనీ కొలొస్సయి 4:1లో యజమానులను హెచ్చరించాడు. దానికి ముందున్న, దాసులు విధేయులై ఉండాలనే వచనాలు బానిస వ్యవస్థను సమర్థించడానికి శతాబ్దాల తరబడి ప్రసంగపీఠాల మీద మార్మోగగా, ఈ ఒక్క వచనం మరుగున పడిపోవడం క్రైస్తవ చరిత్రలో సిగ్గుపడవలసిన విషయం.

తెలుగు క్రైస్తవుల చరిత్రలోనే ఈ అన్వయానికి బలమైన ఉదాహరణ ఉంది. ఒంగోలు ప్రాంతంలో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1876–78 నాటి కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి పని కల్పించాడు. సహాయం కోసమే మతంలో చేరారన్న మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు నిలిపివేశాడు. ఆ తరువాతనే, 1878 జూలై 3న, వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఆదివారం పని చేయకూడదన్నది, చచ్చిన పశువుల మాంసం ముట్టకూడదన్నది, విగ్రహాలను కొలవకూడదన్నది ఆనాటి కొత్త విశ్వాసుల ముందు నిలిచిన మూడు నియమాలు. భూస్వామి పిలిచినప్పుడు వెళ్లక తప్పని మనిషి వారానికి ఒక రోజు తనదని చెప్పడమంటే ఊరి కట్టుబాటునే ఎదిరించడం, తిండికీ నీళ్లకూ తెగించడం. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయం విశ్రాంతి దినానికి చెప్పే కారణం కూడా దాసదాసీలు యజమానితో సమానంగా విశ్రమించాలన్నదే గనుక, ఆ నిరక్షరాస్యులైన విశ్వాసులు ఆ ఆజ్ఞ సారాన్ని ఎందరో వ్యాఖ్యాతల కంటే బాగా గ్రహించారని చెప్పాలి.

ఆ తరం మునిమనుమలలో ఎందరో నేడు జీతాలిచ్చే స్థానంలో ఉన్నారు. ఇంట్లో వంటమనిషి, వీధిలో కాపలాదారు, కొత్త ఇల్లు కడుతున్న మేస్త్రి, అతని కింద ఇసుక మోసే ఆడకూలి వారికి లెక్క చెప్పవలసినవారు కాదు, వారి నుంచి లెక్క అడగదగినవారు. ఆదివారం ఆరాధనకు తాము వెళ్లేందుకు వీలుగా పనిమనిషిని అదే ఆదివారం తెల్లవారుజామున రప్పించుకునే ఇల్లు విశ్రాంతి దినాన్ని పాటిస్తున్నట్టు కాదు. మందిర నిర్మాణానికి విరాళాలు పోగుచేసి, ఆ మందిరం కట్టినవారికి బాకీ పడిన సంఘం కూడా యెహోయాకీము కోవలోకే వస్తుంది. సంఘ పెద్దలు ఏటేటా చదివి వినిపించే జమాఖర్చులలో, వచ్చిన కానుకల మొత్తంతో పాటు, పనివారికి ఇంకా చెల్లించవలసి ఉన్న మొత్తాన్ని కూడా సభ ముందు చదవాలి. అది సున్నా అయ్యేదాకా కొత్త విరాళం అడగకూడదు.