అర క్రౌను బిళ్ల

చైనాకు సువార్త సేవకు వెళ్లాలనుకున్న హడ్సన్ టేలర్, 1851లో ఇంగ్లండ్‌లోని హల్ పట్టణంలో పేదల వాడలో గది అద్దెకు తీసుకున్నాడు. వయసు 19. మెత్తటి పరుపు అంతకుముందే మానేశాడు. తిండి ఓట్స్ జావ, అన్నం. పగలు ఒక డాక్టరు దగ్గర సహాయకుడు. హల్‌కు రాకముందు నుంచే చైనీస్ లూకా సువార్తను ఇంగ్లీషు వచనాలతో పోల్చి, ఏ అక్షరం దేనికో పట్టుకునేవాడు.

జీతం సంగతి గుర్తుచెయ్యమని డాక్టరే చెప్పాడు. టేలర్ నోరు విప్పలేదు. చైనాలో దేవుణ్ణి తప్ప ఎవరిని అడగగలం, ఇక్కడే అలవాటు కావాలి అన్నది ఆయన పంతం. కాస్త మొండితనమే అనిపిస్తుంది నాకు.

ఒక రాత్రి పేద ఇంటికి పిలిచారు. బాలింత చావుబతుకుల్లో ఉంది. జీతం అందక టేలర్ జేబులో ఉన్నది ఒకే ఒక్క నాణెం, అర క్రౌను బిళ్ల. చిల్లరైతే కొంత ఇచ్చేవాణ్ణే అని మనసులో గొణుగుడు! మోకరించి ప్రార్థన మొదలుపెడితే గొంతు పూడుకుపోయింది. చివరికి బిళ్ల చేతిలో పెట్టి బయటపడ్డాడు. మర్నాడు టపాలో అంతకు నాలుగింతలు వచ్చిందంటారు. నన్ను పట్టి నిలిపేది మాత్రం ఆ గొణుగుడే.

1853 సెప్టెంబరులో లివర్‌పూల్‌లో ఓడెక్కాడు. 1854 మార్చి 1న షాంఘైలో దిగేసరికి నగరం తిరుగుబాటుదారుల చేతిలో ఉంది, ధరలు మండిపోతున్నాయి.