ఆదివారం ఆట ఎవరిది?
గాజులరామారంలో ఖాళీ జాగా కనిపిస్తే చాలు, ఆదివారం పొద్దున ఇటుకలు పేర్చి వికెట్లు చేసేస్తారు. జీడిమెట్ల ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ దిగిన పిల్లగాడు టిఫిన్ డబ్బా పక్కన పెట్టి, నిద్ర మానుకుని బౌలింగుకు దిగుతాడు. బంతి పక్కింటి డాబా ఎక్కితే అవుట్. గల్లీ రూలు మరి!

దేశం మొత్తం మీద చూస్తే, జాతీయ గణాంక కార్యాలయం సర్వే ప్రకారం ఆరేళ్లు నిండిన వాళ్ల రోజులో వినోదానికి, ఆటలకు, టీవీ వగైరాలకు పోయే సమయం 2019లో 9.9 శాతం, 2024లో 11 శాతం. పెరిగిందంతా ఫోనుకేనని పెద్దల గొణుగుడు, నాది కూడా. కానీ గల్లీలో ఆట సాగే ఆ ఆదివారం పొద్దున ఆడపిల్లలెక్కడ? బిందెల దగ్గర, వారం బట్టల దగ్గర. మధ్యాహ్నం కాసేపు మేడ మీద రీల్స్ చూస్తే 'ఎప్పుడూ ఫోనేనా' అని తిట్లు. ఎండలో ఆడొచ్చిన తమ్ముడికి మాత్రం మజ్జిగ గ్లాసు ఎదురొస్తుంది.