సెల్ఫ్ వాటా

అల్లుడా,

వ్యాను వెనుక సీట్లు తీసేసి పరుపు వేయించినవని, అందరు కలిసి షిర్డీ, నాసిక్, త్ర్యంబకం చూసుకొని వస్తరని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. సంతోషం. ఎక్కడ పొద్దుగూకితే అక్కడ ఆగి పండుకోవచ్చు. బండిల బతుకుడు మనోళ్ళకు కొత్త కాదు. 1982ల ఎన్టీఆర్ పాత చెవర్లే వ్యానును చైతన్యరథం చేసుకొని, రోడ్డు పక్కనే స్నానం, భోజనం కానిచ్చుకుంట రాష్ట్రమంత తిరిగిండ్రు. కొడుకు హరికృష్ణనే బండి నడిపిండు. ఆయనకు సెల్‌ఫోన్లు చార్జింగు పెట్టే బాధ లేకుండె, అంతే తేడా.

నీకు ఆ బాధ ఉన్నది. రైస్ కుక్కరు, టీవీ, మీ నాయన ఇన్సులిన్ పెట్టుకునే చల్లపెట్టె, అన్ని బండి సాకెట్టుకే తగిలిస్తనంటున్నవట. బోధన్ల ఆటో ఎలక్ట్రిక్ దుకాణం నడిపి వైర్ల మధ్యనే ముసలోణ్ని అయిన మేనమామను. చెప్పకుండ ఉండలేను.

ముందుగాల ఒక్కటి తెలుసుకో. బండి ఇంజను నడుస్తున్నంతసేపే కరెంటు తయారైతది. తయారు చేసేది డైనమో. ఇంజను ఆపినంక నువ్వు వాడేదంత బ్యాటరీల దాచిపెట్టిందే. ఆ దాచిందాంట్ల మొదటి హక్కు ఇంజను స్టార్టు చేసే సెల్ఫుది. చెరుకు రైతు తోటంత ఫ్యాక్టరీకి తోలడు, వచ్చే యేటి విత్తనానికి ఇంత నిలబెట్టుకుంటడు. తెల్లారి సెల్ఫ్ కొట్టడానికి సరిపోయే కరెంటును నువ్వు కూడ అట్లనే పక్కకు తీసిపెట్టాలె.

1937ల పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచిన దినాలల్ల శక్కర్‌నగర్ గేటు ముంగట చెరుకు బండ్ల వరుస ఎట్లుండెనో నీకు తెల్వది. సీజన్ల రాత్రంత ట్రాక్టర్లు, లారీలు నిలబడేవి. చలికి నిద్ర పట్టక డ్రైవర్లు టేపురికార్డరు పెట్టుకునేటోళ్ళు, ఒక బల్బు వేసుకొని పేకాట ఆడేటోళ్ళు. తెల్లారంగ వరుస కదిలేది. రాత్రంత పాటలు పాడిన ట్రాక్టరు మాత్రం టిక్ టిక్ అని ఊకుండేది. వెనుకోళ్ళు తిట్టుడు, వీడు నా దుకాణానికి ఉరుకుడు. 2015 డిసెంబర్ల ఫ్యాక్టరీ మూత పడ్డది, ఆ వరుస పోయింది. ఇప్పుడు చెరుకు ఉన్నోళ్ళు వేరే ఫ్యాక్టరీలకు తోలుకుంటున్నరు. టేపురికార్డరు జాగల సెల్‌ఫోను వచ్చింది గాని, బ్యాటరీ మాత్రం అప్పటి లెక్కనే నడుస్తది.

ఆ లెక్క నీ బండికి కట్టి చూపెడ్త. డ్యాష్‌బోర్డుల ఉన్న సాకెట్టు మూత మీద చూడు, 12 వోల్టులు, 120 వాట్లు అని రాసి ఉంటది చాలా బండ్లల్ల. అంటే పది ఆంపియర్లు. సెల్‌ఫోను చార్జరు తీసుకునేది పది, ఇరవై వాట్లు. ల్యాప్‌టాప్ అయితే 65 దాక. 12 వోల్టుల చిన్న ఫ్యాను పదిహేను. వీటిల్ల దేనికీ బాధ లేదు. నీ రైస్ కుక్కరు 700 వాట్లది. ఇన్వర్టర్ల పోయే నష్టం కూడ కలిపితే 65 ఆంపియర్లు దాటుతది. పది ఆంపియర్ల సాకెట్టుకు అది తగిలిస్తే ఫ్యూజు కొట్టేస్తది, కొట్టెయ్యాలె కూడ. ఎలక్ట్రిక్ కెటిల్, మిక్సీ, ఇస్త్రీపెట్టె ఇవన్ని అదే జాతి. అంత కరెంటు గుంజేది ఏదైనా ఇంట్లనే వదిలిపెట్టి రా. అన్నం చిన్న గ్యాసు పొయ్యి మీద, బండి దిగి, బయట వండుకోండ్రి.

ఫ్యూజు పోయిందని మాత్రం మొండితనం చెయ్యకు. సిగరెట్టు డబ్బల తగరం కాగితం చుట్టి నడిపినోళ్ళను శానామందిని చూసిన. పది ఆంపియర్ల ఫ్యూజు ఎర్రది, పదిహేను నీలిది, ఇరవై పసుపుది. ఎర్రది పోతే ఎర్రదే పెట్టు. పసుపుది పెడితే సామాను నడుస్తది, లోపల వైరు మాత్రం కాలుతది. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడనీకే, నీ టీవీని కాపాడనీకి కాదు. ఇంకొకటి, ఆ సాకెట్టు సిగరెట్టు ముట్టించుకునే లైటరు కోసం పుట్టింది. ప్లగ్గు అందుల బిర్రుగ కూసోదు. కుదుపులకు ఊడొస్తది, వదులైనకాడ వేడెక్కుతది. గంటకొకసారి చెయ్యి పెట్టి చూడు. చుర్రుమంటే తీసెయ్.

ఇగ చల్లపెట్టె ముచ్చట. ఇదే నాకు ఎక్కువ రంది. నువ్వు చెప్పిన చిన్నపెట్టె యాభై వాట్ల దగ్గర తింటది, అంటే నాలుగు ఆంపియర్లు. పొద్దంత బండి నడుస్తుంటే డైనమో దానికి అలవోకగ ఇస్తది. రాత్రి తొమ్మిది గంటలు ఆపి పండుకుంటే 36 ఆంపియర్ గంటలు గుంజుతది. నీ బ్యాటరీ మీద 75 అని రాసి ఉంటది, అంటే సగం ఖతం. సీసం బ్యాటరీ సగానికంటె కిందికి దిగుడు మంచిది కాదు, మాటిమాటికి దిగితే దాని ఆయుష్షే తగ్గుతది. దాని మీద ఫ్యాను, టీవీ, మనవడి బొమ్మల ఫోను కూడ కలిస్తే తెల్లారి సెల్ఫుకు ఏం మిగుల్తది? మీ నాయన ఇన్సులినుకు రాత్రిపూట నీళ్ళల్ల నానబెట్టి వాడే చల్లసంచి దొరుకుతది మందుల దుకాణాలల్ల. దానికి కరెంటే వద్దు. ఎంత చల్లదనం కావాల్నో డాక్టర్ని అడిగి తీసుకో, నా మాట మీద తీసుకోకు.

ఇవన్ని కాదు, రాత్రి టీవీ చూడాల్సిందే అంటవా, రెండో బ్యాటరీ పెట్టించుకో. ఇంజను నడిచేటప్పుడు రెండూ నిండుతయి, ఆపినంక మొదటిది తాళం వేసినట్టు పక్కకు పోతది, రెండోదే ఖర్చయితది. దానికి ఐసొలేటర్ అని ఒకటి వేస్తరు. ఇన్వర్టరు పెద్దది పెట్టినా సాకెట్టుకు కాదు, ఆ రెండో బ్యాటరీకే నేరుగ, లావు వైరుతోని, బ్యాటరీ ప్లస్సు పక్కనే ఫ్యూజు పెట్టించుకొని. పైసలైతయి. నన్నడిగితే టీవీ ఇంట్ల పెట్టి రావాలె. త్ర్యంబకంల కొండ ముంగట కూసొని టీవీ ఎందుకురా?

మీ దోస్తు లారీల వాడిన ఇన్వర్టరు ఊకనే ఇస్తనన్నడట. తీసుకోకు. లారీ 24 వోల్టులది, నీ వ్యాను 12. ఆ ఇన్వర్టరు నీ దాంట్ల పనే చెయ్యది. నీది పోయి వాని లారీకి పెడితే ఒక్క సెకండ్ల కాలిపోతది. లారీలోళ్ళు రెండు బ్యాటరీలల్ల ఒకదాని నుంచే 12 గుంజి డెక్కు నడుపుకుంటరు. అట్ల ఒకటి ఎండుతది, ఇంకొకటి పొంగుతది, ఆరు నెలలకు జతనే పోతది. నా దుకాణం సగం దాని మీదనే నడిచిందనుకో. 12-24 అని రాసున్న సెల్‌ఫోను చార్జర్లు మాత్రం రెండిటికి నడుస్తయి.

బ్యాటరీ తగ్గుతున్నదని ఇంజను నడుపుకుంట పండుకుంటవేమో, అది మాత్రం నా మీద ఒట్టు, వద్దు. 2024 డిసెంబర్ల కేరళ వడకర కాడ రోడ్డు పక్కన ఆపిన కారవాన్ల ఇద్దరు చనిపోయిండ్రు. జనరేటరు నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరిందని తేలింది. ఆ గాలికి వాసన ఉండది, రంగు ఉండది. మూసిన బండి, నడిచే ఇంజను, నిద్రపోయే మనుషులు, ఈ మూడు ఒక్కకాడ ఉండొద్దు.

పవర్‌బ్యాంకులు రెండు కొనుక్కో. బండి నడిచినంతసేపు వాటిని నింపు, రాత్రి ఫోన్లకు అవే పెట్టు. కాని ఎండకాలం ఆపిన బండిల, అద్దం కింద డ్యాష్‌బోర్డు మీద వాటిని వదలకు. మన నిజామాబాద్ ఎండ నీకు తెల్వనిదా, ఉబ్బుతయి. బండి తాళం తీసినంక సాకెట్టుల కరెంటు ఉంటదో పోతదో కూడ ఈ రోజే చూడు, చార్జరు లైటు చెప్తది. కొన్నిట్ల పోతది, కొన్నిట్ల రాత్రంత ఉంటది. ఉండే రకమైతే పండుకునే ముందు అన్ని పీకి పెట్టు.

మొదటి రాత్రి షిర్డీల వద్దు. మన కందకుర్తిల, గోదావరి ఒడ్డున పెట్టుకో. బయట ఏమేమి నడపాలనుకున్నవో అన్ని నడిపి పండుకో, తెల్లారి సెల్ఫ్ కొట్టి చూడు. పండుకునేటప్పుడు ఒకసారి, లేవంగనే ఒకసారి వోల్టులు చూసి రాసుకో. నిండిన బ్యాటరీ 12.6 చూపెడ్తది. 12.2 అయితే సగం పోయినట్టే. స్టార్టు కాకపోతే ఫోను చెయ్, జంపర్ వైర్లు పట్టుకొని వస్త. నేను వచ్చేదాక ఎవలతోని తగిలించకు. ఆఖరి నల్లవైరు బ్యాటరీకి కాదు, బ్యాటరీకి దూరంగ ఇంజను ఇనుముకు పెట్టాలె, అది శానామందికి తెల్వది. మీ అత్త సర్వపిండి చేసిస్తనన్నది, టిఫినుకు అదే తెస్త.